ఆరు పలకల అతుకు బొంత: కాలనిర్ణయ సమస్య – ఒక పరిశీలన

ప్రవేశిక

తెలుగు సాహిత్య విమర్శలో ‘అతుకుల బొంత’ అన్నది నిందావాక్యం. కావ్యంలో వస్త్వైక్యం లోపించినప్పుడు, వ్యాసంలో సొంత ప్రతిపాదన లేక ఇతరుల అభిప్రాయాలు మాత్రమే పోగుపడినప్పుడు ఆ మాట వాడడం పరిపాటి. చేతికి అందిన వాటిని పొందిక చూడకుండా కలిపి కుట్టినది అని దాని భావం. పాత చీరలను, పంచెలను పొరలు పొరలుగా పరచి, చిరిగినచోట మరో గుడ్డ వేసి కుట్టుకునే ఇంటి బొంత ఈ పలుకుబడికి మూలం.

ఇంగ్లండులో 18వ శతాబ్ది ఆరంభం నుంచి ఆధారాలు లభిస్తున్న ఒక అతుకు పని ఈ నిందార్థానికి ఎదురు నిలుస్తుంది. కాగితపు అచ్చుల మీద గుడ్డ ముక్కలను మడిచి, అంచుకు అంచు చేర్చి చేత్తో కుట్టే పద్ధతి అది. ఆ పద్ధతిలో ఎక్కువ ఆదరణ పొందిన ఆకృతి సమషడ్భుజి. వేల సంఖ్యలో ముక్కలు, ఏళ్ల తరబడి శ్రమ, ముందుగా వేసుకున్న లెక్క దీనికి అవసరం. ఇందులో అతుకు లోపాన్ని కప్పిపుచ్చేది కాదు. నిర్మాణమంతా అతుకు మీదనే ఆధారపడి ఉంటుంది.

ఇటువంటి బొంతలను భద్రపరచిన ప్రదర్శనశాలలు ఒక్కొక్కదానికి ఒక సంవత్సరాన్నో, ఒక దశాబ్దాన్నో నిర్దేశిస్తాయి. దీర్ఘకాలం సాగిన పనికి ఒక్క తేదీ ఎంతవరకు సరిపోతుంది? ఆ పనిలో గడిచిన కాలానికి, పాలుపంచుకున్న మనుషులకు సాక్ష్యం ఎక్కడ లభిస్తుంది? ఈ రెండు ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. సాహిత్య చరిత్ర రచనలో కాలనిర్ణయానికి ఉపకరించే అంతస్సాక్ష్య, బహిస్సాక్ష్య భావనలు ఇక్కడ కూడా ఉపయోగపడతాయి.

నిర్మాణ పద్ధతి

సమతలాన్ని ఖాళీ లేకుండా నింపగల సమబహుభుజులు మూడే: త్రిభుజం, చతురస్రం, షడ్భుజి. షడ్భుజి ప్రతి మూలా 120 డిగ్రీలు. అందువల్ల ఏ మూల దగ్గర చూసినా మూడు ముక్కలు కలుస్తాయి. తేనెపట్టులో కనిపించే అమరిక ఇదే. ఆంగ్ల, అమెరికన్ స్త్రీలు ఈ పనిని తేనెపట్టు పేరుతో పిలవడానికి కారణం కూడా ఇదే.

పని నాలుగు దశల్లో సాగుతుంది. మొదట గట్టి కాగితాన్ని కచ్చితమైన కొలతతో ఆరు పలకలుగా కత్తిరిస్తారు. దానికన్న చుట్టూ పావు అంగుళం ఎక్కువ ఉండేలా గుడ్డను కత్తిరించి, ఆ అదనపు అంచును కాగితం వెనక్కి మడిచి, పొడుగు టాకాలతో కచ్చాకుట్టు వేస్తారు. తరువాత రెండు ముక్కల ముఖాలను ఎదురెదురుగా పెట్టి, కాగితం సూదికి తగలకుండా గుడ్డ అంచులను మాత్రమే సన్నగా చుట్టి కుడతారు. ఒక ముక్క ఆరు వైపులా కలిసిన తరువాత దాని కచ్చాకుట్టు విప్పి కాగితాన్ని తీసివేయవచ్చు.

కాగితం అవసరం గుడ్డ స్వభావం నుంచి వచ్చింది. నేతగుడ్డ పడుగు వెంబడి, పేక వెంబడి నిలకడగా ఉంటుంది. ఐమూలగా లాగితే సాగుతుంది. షడ్భుజి రెండు అంచులను పోగుకు సరిగా నిలిపినా మిగిలిన నాలుగు అంచులు ఏటవాలుగానే పడతాయి. ఒక్కొక్క అంచు వెంట్రుకవాసి సాగినా, వంద ముక్కలు చేరేసరికి బొంత సమతలంగా నిలవదు. కాగితం ఆ సాగుదలను అదుపు చేస్తుంది.

19వ శతాబ్ది మధ్యలో కుట్టుమిషన్ ఇళ్లలోకి ప్రవేశించినా ఈ పనిని స్థానభ్రష్టం చేయలేకపోవడానికి కారణం కూడా ఆకృతిలోనే ఉంది. చతురస్రాలను వరసలుగా కలిపి, ఆ వరసలను నిలువునా ఒకే కుట్టుతో చేర్చవచ్చు. షడ్భుజుల మధ్య ఈ కొస నుంచి ఆ కొసకు సాగే సరళరేఖ ఉండదు. ప్రతి అంచు చివర కుట్టు దిశ మార్చుకోవలసి వస్తుంది. మిషన్ వేగం ఇక్కడ అక్కరకు రాదు.

శ్రమ పరిమాణం

దీర్ఘకాలం అన్న మాటకు సంఖ్యారూపం ఇవ్వడం సాధ్యమే. ఒక అంగుళం భుజం గల సమషడ్భుజి వైశాల్యం సుమారు 2.6 చదరపు అంగుళాలు. 90 అంగుళాల వెడల్పు, 100 అంగుళాల పొడవు గల పడక దుప్పటికి దాదాపు 3,460 ముక్కలు కావాలి. ప్రతి ముక్కకు ఆరు అంచులున్నా ఒక్కొక్క అంచును రెండు ముక్కలు పంచుకుంటాయి కనుక కుట్టవలసిన అంచులు సుమారు పదివేలు. అంగుళానికి పదహారు కుట్లు చొప్పున లెక్కిస్తే లక్షా అరవై వేల కుట్లు.

ఒక ముక్కకు కచ్చాకుట్టు వేయడానికి మూడు నిమిషాలు, ఒక అంచు కలపడానికి మూడు నిమిషాలు పడతాయని భావిస్తే మొత్తం 670 గంటలు దాటుతుంది. రోజుకు ఒక గంట తప్పకుండా కేటాయించినా సుమారు ఒక సంవత్సరం పది నెలల పని. గుడ్డ కత్తిరించడం, రంగులు ఎంచడం, లోపలి పొర, అడుగు పొర చేర్చి మూడింటినీ కలిపి కుట్టడం ఈ లెక్కలో లేవు. ఇంటి పని, పిల్లల పెంపకం, జబ్బులు, ప్రయాణాలు, మరణాలు అడ్డుపడే నిజ జీవితంలో ఈ రెండేళ్లు పదేళ్లు కావడం ఆశ్చర్యకరం కాదు. మరొక తరానికి మిగిలిపోవడం కూడా వింత కాదు.

ఒక ముక్క అరచేతిలో పడుతుంది. సంచిలో పెట్టుకొని ఎక్కడికైనా తీసుకువెళ్లవచ్చు. ఎప్పుడైనా ఆపి, ఎప్పుడైనా కొనసాగించవచ్చు. మధ్యన ఒక ముక్క, చుట్టూ ఆరు, ఆపైన పన్నెండు చేరితే పందొమ్మిది ముక్కల పువ్వు ఒకటి పూర్తవుతుంది. ఈ చిన్న పూర్తులే పెద్ద పనిని భరించదగినదిగా చేశాయి. అదే కారణంగా పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో చెప్పడం కష్టమైంది.

తొలి ఆధారాలు – తెలుగు తీరపు గుడ్డ

ఇంగ్లండులో కంబ్రియా ప్రాంతపు లెవెన్స్ హాల్ అనే భవనంలో ఉన్న అతుకు పనిని 1708 నాటిదిగా సంప్రదాయం చెబుతుంది. ఆ దేశంలో నిలిచిన తొలినాటి అతుకు పనులలో అది ఒకటి. దానిలో వాడినవి భారతదేశపు అద్దకపు నూలుగుడ్డలు. అటువంటి గుడ్డల ఉత్పత్తికి కోరమాండల్ తీరం ముఖ్య కేంద్రం. ఆంగ్లేయులు 1611లో మచిలీపట్నంలో వర్తకస్థానం నెలకొల్పడానికి ప్రధాన ఆకర్షణ ఈ ప్రాంతపు నేత, అద్దకాలే. పటికతో రంగును పోగుకు పట్టించడం, చిరివేరుతో చెదరని ఎరుపు రాబట్టడం, కలంతో గీతలు దిద్దడం ఇక్కడి పనివారి ప్రత్యేక విద్య. ఉతికినా వెలవని పూలగుడ్డ ఐరోపా గృహిణికి అప్పట్లో కొత్త అనుభవం.

ఈ ఆదరణ ఇంగ్లండులోని ఉన్ని, పట్టు నేతగాళ్ల జీవనానికి ముప్పుగా పరిణమించింది. 1700లో చేసిన చట్టం భారతదేశం, పర్షియా, చైనాల నుంచి వచ్చే చిత్రిత, ముద్రిత నూలుగుడ్డలను దేశంలో ధరించడాన్ని, వాడడాన్ని 1701 సెప్టెంబరు చివరి నుంచి నిషేధించింది. 1721లో వచ్చిన మరో చట్టం నిషేధాన్ని ఇంకా విస్తరించి, దుస్తులతో పాటు గృహోపకరణాలలో కూడా ముద్రిత నూలుగుడ్డల వాడకాన్ని అడ్డుకుంది. అది 1722 డిసెంబరు నుంచి అమలై, 1774 దాకా కొనసాగింది.

లెవెన్స్ హాల్ పనికి 1708ని అంగీకరిస్తే అది మొదటి చట్టం అమలులో ఉన్న కాలం. అప్పుడు ఆ గుడ్డ చట్టానికి ముందు దిగుమతై ఇంట్లో నిలువ ఉన్నదైనా కావాలి, చట్టం కన్నుగప్పి చేరినదైనా కావాలి. ఏది నిజమైనా ఒక విషయం స్పష్టం: గుడ్డ వయస్సు, కుట్టు వయస్సు ఒకటి కావు. అద్దకం ఏ ఏట జరిగిందో తెలిసినంత మాత్రాన బొంత ఏ ఏటిదో తెలియదు. కొరత ఏర్పడిన గుడ్డకు పేలిక కూడా విలువైనదవుతుంది. చిరిగిన గౌను నుంచి దక్కిన అరచేతి ముక్కను దాచుకోవడం వెనుక సౌందర్యదృష్టితో పాటు ఈ కొరత కూడా ఉండి ఉండవచ్చు.

తేదీ స్పష్టంగా లభించే తొలి ఆంగ్ల ఉదాహరణ 1718 నాటి పట్టు అతుకు దుప్పటి. బ్రిటిష్ దీవుల క్విల్టర్స్ గిల్డ్ అధీనంలో ఉన్న ఈ దుప్పటి మీద ‘ఇ’, ‘హెచ్’ అనే పొడి అక్షరాలతో పాటు ఆ సంవత్సరం కూడా పనిలోనే కలిసి ఉంది. దానిని కాగితపు అచ్చుల మీదనే కుట్టారు. కాగితాలు నేటికీ లోపల ఉన్నాయి. తాళపత్ర ప్రతుల చివర లేఖకుడు రాసుకున్న గద్యతో దీనిని పోల్చవచ్చు. గద్యలోని తేదీ లేఖనం ముగిసిన రోజును చెబుతుంది. ఎప్పుడు మొదలైందో చెప్పదు. 1718 అన్న అంకె కూడా పనిలో ఒక్క క్షణాన్నే సూచిస్తుంది.

షడ్భుజి వ్యాప్తి

తొలినాటి పనుల్లో షడ్భుజి అనేక ఆకృతుల్లో ఒకటి మాత్రమే. 18వ శతాబ్ది చివరికి, 19వ శతాబ్ది తొలి దశాబ్దాలకు అది ప్రముఖ స్థానానికి చేరింది. ఫిలడెల్ఫియా నుంచి వెలువడే గోడీస్ లేడీస్ బుక్ అనే స్త్రీల పత్రిక 1835లో షడ్భుజి అతుకు పని విధానాన్ని ప్రచురించింది. అమెరికాలో అచ్చయిన తొలి అతుకు నమూనాలలో దీనిని ఒకటిగా పేర్కొంటారు. చేతి నుంచి చేతికి సాగిన విద్య అచ్చులోకి వచ్చిన సందర్భం ఇది.

మళ్లీ 1920, 1930 దశకాలలో అమెరికాలో ఇదే ఆకృతి ‘అమ్మమ్మ పూలతోట’ అనే అర్థం గల పేరుతో విస్తృత ప్రచారం పొందింది. పసుపు ముక్క మధ్యన, చుట్టూ రంగుల రేకులు, పూలకు మధ్య తెల్లని లేదా ఆకుపచ్చని కాలిబాట దాని సామాన్య లక్షణం. ఆర్థిక మాంద్యం నాటి ఇళ్లలో పేలికలకు అది మంచి వినియోగమైంది. పేరులోనే గతకాలపు మమకారం ఉంది. కొత్తగా మొదలుపెట్టే పనిని కూడా అమ్మమ్మకు ఆపాదించే ఈ ధోరణి కాలనిర్ణయాన్ని మరింత జటిలం చేసింది. కుటుంబ కథనం చెప్పే వయస్సుకు, గుడ్డ చెప్పే వయస్సుకు పొంతన కుదరని బొంతలు అందువల్లనే ఎదురవుతాయి.

అంతస్సాక్ష్యంగా కాగితం

కాగితం ఖరీదైన వస్తువుగా ఉన్న రోజుల్లో అచ్చుల కోసం కొత్త కాగితం కొనేవారు అరుదు. పాత ఉత్తరాలు, పద్దుల పుస్తకాలు, పిల్లల కాపీ పుస్తకాలు, వార్తాపత్రికలు, రసీదులు కత్తెర కిందికి వచ్చేవి. అంగుళం భుజం గల ముక్క మీద పూర్తి వాక్యం నిలవదు. సగం పేరు, ఒక అంకె, ఒక ఊరి పేరు మిగులుతాయి. చరిత్రకారునికి అది శిథిల శాసనం వంటిది.

ఈ సాక్ష్యాన్ని వాడడంలో ఒక జాగ్రత్త అవసరం. కాగితం మీది తేదీ పూర్వావధిని మాత్రమే నిర్ణయిస్తుంది. 1798 నాటి ఉత్తరం లోపల ఉంటే ఆ ముక్క 1798కి ముందు కుట్టినది కాదని చెప్పవచ్చు. 1798లోనే కుట్టినదని చెప్పలేము. ఉత్తరం ముప్పై ఏళ్లు పెట్టెలో ఉండి తరువాత కత్తెరకు చిక్కి ఉండవచ్చు. అందువల్ల కాగితం, గుడ్డ, దారం, కుట్టు తీరు నాలుగింటినీ కలిపి చదవాలి. ఒకే బొంతలో వేరువేరు చోట్ల వేరువేరు తేదీలు వస్తే వాటిని వైరుధ్యంగా గాక పని సాగిన వ్యవధికి గుర్తుగా గ్రహించాలి.

ఇక్కడ మౌలికమైన చిక్కు ఒకటి ఉంది. బొంత పూర్తి కావాలంటే కాగితం తీసివేయాలి. కాగితం ఉండగా దుప్పటి మెత్తబడదు, ఉతకడానికి పనికిరాదు. అంటే వాడుకకు సిద్ధమైన బొంత తన సాక్ష్యాన్ని తానే పోగొట్టుకుంటుంది. పూర్తికాక పెట్టెలో ఉండిపోయినదే మాట్లాడుతుంది.

రోడ్ ఐలండ్ విశ్వవిద్యాలయం సేకరణలో ఉన్న అసంపూర్ణ షడ్భుజి పనులు దీనికి గట్టి నిదర్శనం. 1830 దశకంలో దక్షిణ కెరొలైనాలోని చార్లెస్టన్ నగరంలో క్రౌచ్ దంపతులు ఆరంభించిన పని అది. భర్త మరణంతో ఆగిపోయింది. వెనుక కాగితాలు అలాగే ఉన్నాయి. వాటి మీద మిగిలిన మాటలలో వెస్టిండీస్ వర్తకానికి సంబంధించినవి కనిపిస్తాయి. రేచెల్ మే అనే రచయిత్రి ఈ ముక్కలను ఆధారం చేసుకొని, కుటుంబపు ఉత్తరాలను జోడించి 2018లో ‘ఏన్ అమెరికన్ క్విల్ట్’ అనే గ్రంథం ప్రచురించారు. ఆ ఇంటి పూలబొంత వెనుక పత్తి తోటలు, ఉత్తరాది మిల్లులు, చక్కెర ఓడలు, బానిస వ్యవస్థ ఎలా పెనవేసుకున్నాయో ఆ గ్రంథం వివరిస్తుంది. ఆ ఇంట బానిసలుగా ఉన్న మినర్వా, ఎలైజా, జేన్, జూబా అనే స్త్రీల జీవితాలను వీలైనంతవరకు పునర్నిర్మించే ప్రయత్నం అందులో ఉంది.

ఆ బొంత అనుకున్నట్టు పూర్తయి ఉంటే కాగితాలు పొయ్యిలోకో, చెత్తలోకో పోయేవి. చూడముచ్చటైన పూల దుప్పటి ఒకటి మిగిలేది. యజమానురాలు కూర్చొని తీరిగ్గా కుట్టుకోగలిగిన సమయం ఎవరి పని వల్ల చేకూరిందో అడిగే అవకాశం అంత సులభంగా కలిగేది కాదు. శ్రమ పరిమాణాన్ని లెక్కించేటప్పుడు 670 గంటలను కుట్టిన చేతుల ఖాతాలోనే వేయడం చాలదు. ఆ గంటలను ఖాళీ చేసి ఇచ్చిన చేతులు కూడా ఆ ఖాతాలోకి రావాలి.

నిర్బంధకాలంలో అతుకు పని

తీరిక ఉన్నవారి పనిగానే అతుకు పనిని చూడడం అసమగ్రం. కాలం బలవంతంగా మీద పడినచోట కూడా ఇది సాగింది. 1841లో ‘రాజా’ అనే ఓడ 180 మంది స్త్రీ ఖైదీలతో ఇంగ్లండు నుంచి బయలుదేరి హోబర్ట్ చేరింది. ప్రయాణంలో ఆ స్త్రీలు 2,815 ముక్కలతో ఒక బొంత కుట్టారు. అందుకు కావలసిన గుడ్డ, సూది, దారం అందేలా చూసినవారు ఎలిజబెత్ ఫ్రై నాయకత్వంలోని సంస్కరణ సంఘం. ఆ బొంత నేడు ఆస్ట్రేలియా జాతీయ కళాప్రదర్శనశాలలో ఉంది. ఇక్కడ నెలల లెక్క స్పష్టం. ఓడ ప్రయాణమే పనికి అవధి.

షడ్భుజికి సంబంధించిన ఉదాహరణ రెండవ ప్రపంచయుద్ధ కాలానిది. 1942లో సింగపూర్ జపాన్ వశమైన తరువాత చాంగీ చెరలో ఉన్న బాలికలు కొందరు గర్ల్ గైడ్స్ బృందంగా ఏర్పడి, తమ నాయకురాలి పుట్టినరోజు కానుకగా 1943లో షడ్భుజుల పూలతో బొంత కుట్టారు. కొత్త గుడ్డ దొరికే చోటు కాదది. ఉన్న దుస్తుల పేలికలే ముడిసరుకు. ఆ బొంత లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియంలో భద్రంగా ఉంది. విడుదల ఎప్పుడో తెలియని చోట, ఏళ్లు పట్టే ఆకృతిని ఎంచుకోవడంలో భవిష్యత్తు మీద నమ్మకాన్ని చూడవచ్చు.

కర్తృత్వం

కాలం దీర్ఘమైతే కర్త కూడా ఒక్కరుగా నిలవకపోవచ్చు. తల్లి మొదలుపెట్టినది కూతురు, అత్త వదిలినది కోడలు పూర్తిచేసిన సందర్భాల్లో ఆ బొంత ఎవరిది? తెలుగు సాహిత్య విద్యార్థికి ఈ ప్రశ్న కొత్తది కాదు. ఆంధ్ర మహాభారతం 11వ శతాబ్దిలో నన్నయతో మొదలై, 13వ శతాబ్దిలో తిక్కన చేతుల మీదుగా సాగి, 14వ శతాబ్దిలో ఎఱ్ఱన అరణ్యపర్వ శేషాన్ని పూరించడంతో సంపూర్ణమైంది. ఎఱ్ఱన నన్నయ శైలితో ఆరంభించి క్రమంగా తిక్కన శైలికి చేరాడని విమర్శకులు ప్రశంసిస్తారు. అతుకు కనబడకుండా అతకడం అక్కడ కవి ప్రతిభకు నిదర్శనం. ఆ గ్రంథాన్ని ఎవరూ అతుకుల బొంత అనలేదు. ఒక్క సంవత్సరానికి కుదించనూ లేదు. కవిత్రయం అన్న మాటలోనే బహుకర్తృత్వం, కాలవ్యవధి రెండూ ఇమిడి ఉన్నాయి. అజ్ఞాత స్త్రీలు కుట్టిన బొంతకు మాత్రం ఆ మన్నన దక్కలేదు. కుట్టులోని మార్పును చదివితే చేతి మార్పును గుర్తించవచ్చు. అంగుళానికి కుట్ల సంఖ్య, దారం మందం, ముడి వేసే తీరు అందుకు ఆనవాళ్లు.

ముగింపు

పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, షడ్భుజి బొంతలో అద్దకం నాటి కాలం, కాగితం నాటి కాలం, కుట్టు నాటి కాలం వేరువేరు. వీటిని కలిపి ఒక్క తేదీగా చూపడం పనిని చిన్నబుచ్చడమే అవుతుంది. ఆరంభావధి, అంత్యావధి రెండింటినీ నమోదు చేయడం శాస్త్రీయం. రెండు, అసంపూర్ణ కృతి లోపభూయిష్ఠమైనది అన్న భావన ఇక్కడ నిలవదు. కాగితం తొలగని ముక్క సంపూర్ణమైన దుప్పటి కన్న విలువైన పత్రం కావచ్చు. దానిని పూర్తిచేయాలన్న సదుద్దేశంతో కాగితాలు తీసివేయడం సాక్ష్య నాశనమే. మూడు, కుట్టిన చేతులతో పాటు ఆ తీరికను సమకూర్చిన చేతుల చరిత్ర కూడా ఈ అధ్యయనంలో భాగం.

తెలుగు నేల మీది బొంతకు కాగితం లేదు. చిరిగిన బొంత మీద మరో పాత చీర పరచి కుట్టే ఆనవాయితీ వల్ల దానికి పొరలున్నాయి. పై పొర కింద మరో నేత, మరో రంగు, మరో తరం కట్టుకున్న చీర ఉంటాయి. మచిలీపట్నం గుడ్డ ఇంగ్లండులో పేలికగా కూడా భద్రపడగా, ఆ గుడ్డను నేసి అద్దిన ప్రాంతంలో ఇంటి బొంతలు చలికాలం గడిచాక, అవసరం తీరాక బయట పారవేయబడుతున్నాయి. వాటిని పొరలు చెదరకుండా సేకరించి, కుట్టినవారి పేర్లు, వాడిన చీరల వివరాలు తెలిసినవారు ఉండగానే నమోదు చేయవలసి ఉంది. అప్పుడు ‘అతుకుల బొంత’ అన్న మాటను నిందగా వాడేముందు విమర్శకుడు ఒక క్షణం ఆలోచించవలసి వస్తుంది.